ఆ 625 కిలోహెర్ట్జ్ ఎవరిది? కావిటీ ఫినెస్‌ను కొలవడం గురించి

మీరు ఇచ్చిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుందాం. 10 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా రెండు పుటాకార అద్దాలు ఉన్నాయి, వాటి మధ్య కాంతి అటూఇటూ తిరిగే చోటే కావిటీ. ఒక్కొక్కదాని వక్రతా వ్యాసార్థం 50 సెంటీమీటర్లు, పరావర్తన 99.99 శాతం అని వాటితో వచ్చిన పత్రంలో ఉంది. 780 నానోమీటర్ల ఎక్స్‌టర్నల్ కావిటీ డయోడ్ లేజర్ కాంతిని లోపలికి పంపి, ఒక అద్దం వెనక ఉన్న పీజోను (వోల్టేజీ పెడితే కొద్దిగా సాగే ముక్కను) సెకనుకు 20 సార్లు త్రిభుజాకార వోల్టేజీతో కదిలిస్తూ, అవతలికి వచ్చే కాంతిని ఆసిల్లోస్కోప్ మీద 10,000 బిందువులతో చూశారు. ఒక్కో ఊపులో రెండు ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్‌లు (ఒక శిఖరం నుంచి తరువాతి శిఖరానికి ఉండే దూరాలు) కనిపించాయి. శిఖరం సగం ఎత్తులో వెడల్పు 625 కిలోహెర్ట్జ్ అని తేలింది, దాన్నిబట్టి ఫినెస్ (శిఖరాల మధ్య దూరాన్ని శిఖరం వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య) 2,400 వచ్చింది. లెక్క ప్రకారం 31,400 రావాలి కాబట్టి అద్దాలు పాడైపోయాయా అన్నది మీ సందేహం.

అద్దాల పరిస్థితి ఏమిటో ఈ కొలత నుంచి చెప్పలేము, ఎందుకంటే మీరు కొలిచింది కావిటీని కాదు. ఆ 625 కిలోహెర్ట్జ్‌లో లేజర్ వాటా ఎంత, ఆసిల్లోస్కోప్ వాటా ఎంత, పీజో వేగం వాటా ఎంత అన్నది విడదీసిన తరువాతే కావిటీ వాటా బయటపడుతుంది. విడదీయడానికి మీరు ఇచ్చిన అంకెలే చాలు.

కాంతి వేగాన్ని కావిటీ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్ వస్తుంది. మీ విషయంలో అది 1.5 గిగాహెర్ట్జ్. దాన్ని 31,400తో భాగిస్తే కావిటీ లైన్‌విడ్త్, అంటే శిఖరం అసలు వెడల్పు, సుమారు 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. సెకనుకు 20 సార్లు అంటే ఒకవైపు ఊపుకు 25 మిల్లీసెకన్లు, అందులో మీరు దాటుతున్నది 3 గిగాహెర్ట్జ్. ఆ వేగంలో 48 కిలోహెర్ట్జ్ వెడల్పున్న రేఖను దాటడానికి పట్టే సమయం 0.4 మైక్రోసెకన్లు మాత్రమే. ఆసిల్లోస్కోప్ 25 మిల్లీసెకన్లను 10,000 బిందువులుగా కోస్తే రెండు బిందువుల మధ్య దూరమే 2.5 మైక్రోసెకన్లు. మీరు కొలిచిన 625 కిలోహెర్ట్జ్‌ను మళ్లీ కాలంలోకి మార్చి చూడండి, 5.2 మైక్రోసెకన్లు వస్తుంది. అంటే మీ శిఖరం వెడల్పు మొత్తం రెండు బిందువులు. తెర మీద ఆ బిందువులను గీతతో కలిపి చూపిస్తారు కాబట్టి నున్నటి శిఖరంలా కనిపించి ఉంటుంది. గీతను తీసేసి చుక్కలు మాత్రమే చూపే అమరికకు మార్చితే నా మాట మీకే తెలిసిపోతుంది.

బిందువులను పెంచితే సరిపోదా అంటే సరిపోదు. మీ కావిటీలోకి వెళ్లిన కాంతి లోపల సుమారు 3.3 మైక్రోసెకన్లు నిలుస్తుంది. రేఖను 0.4 మైక్రోసెకన్లలో దాటేస్తే లోపల కాంతి నిండేలోపే అనునాదం దాటిపోతుంది, నిండినంత మేరకు కాంతి ఆ తరువాత తీరిగ్గా బయటికి కారుతుంది. స్థిరమైన లేజరైతే ఆ కారే కాంతి కొత్తగా వచ్చే కాంతితో కలిసి శిఖరం కుడివైపున అలలు అలలుగా మోగుతుంది. లైన్‌విడ్త్ వర్గాన్ని 6.28తో గుణించి వచ్చే విలువకన్నా బాగా తక్కువ వేగంతో నడిపితేనే రేఖ తన సహజ ఆకారంలో కనబడుతుంది. మీకు ఆ హద్దు సెకనుకు 14 గిగాహెర్ట్జ్, మీరు నడుపుతున్నది సెకనుకు 120 గిగాహెర్ట్జ్.

పోనీ పదోవంతు వేగానికి, వీలైతే వందోవంతుకు దించుదామంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. అద్దం 390 నానోమీటర్లు కదిలితే ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి చేరుతాం. దాన్ని 31,400తో భాగిస్తే మీ రేఖ వెడల్పు అద్దం కదలికలో 12 పికోమీటర్లు, ఒక అణువు వ్యాసంలో చిన్న భాగం. గదిలో ఎవరైనా మాట్లాడినా, బల్ల మీద చెయ్యి పెట్టినా అద్దం అంతకన్నా ఎక్కువే వణుకుతుంది. దానికి తోడు ఎక్స్‌టర్నల్ కావిటీ డయోడ్ లేజర్ సొంత లైన్‌విడ్త్ మామూలుగా 100 కిలోహెర్ట్జ్ నుంచి ఒక మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. నెమ్మదిగా నడిపితే లేజర్, అద్దం రెండూ వణుకుతూ ఒకే రేఖను పదేపదే దాటుతాయి, శిఖరం రంపపు పళ్లలా చీలిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఫినెస్ కొన్ని వందల్లోనో, ఒకటి రెండు వేలలోనో ఉన్న పొట్టి కావిటీకి పీజో స్కాన్ చక్కని పద్ధతి. మీ అద్దాలకు అది సరిపడే కొలబద్ద కాదు.

ఇక్కడ ఒక పక్క మాట. ఫినెస్ ఎక్కువైతేనే కొలత కష్టమని చాలామంది అనుకుంటారు, నిజానికి ఇబ్బంది పెట్టేది లైన్‌విడ్త్. గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరం భుజాలలోని కావిటీల ఫినెస్ 450 దరిదాపుల్లోనే ఉంటుంది, కాని పొడవు 4 కిలోమీటర్లు కాబట్టి ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్ 37.5 కిలోహెర్ట్జ్‌కు, లైన్‌విడ్త్ దాదాపు 83 హెర్ట్జ్‌కు పడిపోతుంది. కాబట్టి ఏ పద్ధతి వాడాలో తేల్చుకునేటప్పుడు ఫినెస్‌ను పక్కనపెట్టి, మీ లేజర్ లైన్‌విడ్త్‌నూ కావిటీ లైన్‌విడ్త్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీకు సరిపోయేది రింగ్‌డౌన్. కావిటీని కాంతితో నింపి, లోపలికి వెళ్లే కాంతిని ఒక్కసారిగా ఆపి, బయటికి కారే కాంతి ఎంత కాలంలో ఎంత తగ్గుతుందో చూడడమే ఈ పద్ధతి. లేజర్ వణుకుతుందన్న బాధ ఇందులో చాలావరకు పోతుంది, ఎందుకంటే ఆపేసిన తరువాత లేజర్‌కు ఇక పని లేదు. 1984లో ఆండర్సన్, ఫ్రిష్, మాసర్ అద్దాల పరావర్తనను కొలిచింది ఈ దారిలోనే. లేజర్ యాదృచ్ఛికంగా అనునాదంలో పడి అవతలి కాంతి ఒక హద్దు దాటగానే లోపలికి వెళ్లే పుంజాన్ని వేగవంతమైన ఆప్టికల్ స్విచ్‌తో మూసేవారు. మీ లేజర్ కావిటీకన్నా వెడల్పు కాబట్టి మీకూ అదే దారి. పీజోను తీరిగ్గా కదలనివ్వండి, ఫోటోడయోడ్ సంకేతం ఒక మట్టాన్ని దాటినప్పుడు కంపారేటర్ నుంచి వచ్చే పల్స్‌తో ఏఓఎంకు (స్ఫటికంలో శబ్ద తరంగంతో పుంజాన్ని పక్కకు వంచే పరికరానికి) వెళ్లే రేడియో తరంగ శక్తిని ఆపేయండి.

ఏఓఎం విషయంలో మూడు సంగతులు గమనించాలి. విచలనం చెందని సూటి పుంజాన్ని కాక, పక్కకు వంగిన మొదటి వరుస పుంజాన్నే కావిటీకి పంపండి, అప్పుడు రేడియో శక్తి ఆగితే పూర్తి చీకటి వస్తుంది. రెండోది, స్ఫటికంలో పుంజం వ్యాసం. టెల్లూరియం డయాక్సైడ్‌లో శబ్దం సెకనుకు సుమారు 4,200 మీటర్లు పోతుంది, కాబట్టి ఒక మిల్లీమీటరు పుంజాన్ని ఖాళీ చేయడానికి 240 నానోసెకన్లు పడుతుంది, పుంజాన్ని 100 మైక్రోమీటర్లకు కుదిస్తే 24 నానోసెకన్లు చాలు. 3.3 మైక్రోసెకన్లతో పోలిస్తే మొదటిదే కాస్త అసౌకర్యం, రెండోది సుఖం. మూడోది, రేడియో స్విచ్ పూర్తిగా మూసుకోకపోవడం. పదివేలలో ఒక వంతు కాంతి మిగిలిపోయినా ఏమవుతుందిలే అనిపిస్తుంది. కాని లోపలి కాంతితో కలిసేది దాని శక్తి కాదు, దాని విద్యుత్ క్షేత్రం. శక్తిలో పదివేలో వంతు అంటే క్షేత్రంలో వందో వంతు. తోకలో సన్నటి అలలు కనబడితే ముందుగా ఈ లీకును అనుమానించండి.

ఇక ఫోటోడయోడ్. ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. నేను మొదటిసారి రింగ్‌డౌన్ పెట్టినప్పుడు తెర మీద ఎంతో అందమైన ఘాతీయ క్షయం వచ్చింది. సంవర్గమానంలో గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ. కాలం 120 మైక్రోసెకన్లు. కావిటీ పొడవు మీ దానిలాగే 10 సెంటీమీటర్లు కాబట్టి ఫినెస్ పదకొండు లక్షలు దాటింది. ఆ సాయంత్రమంతా గాలిలో తేలాను. మర్నాడు సరిచూద్దామని 99.9 శాతం అద్దాలు బిగిస్తే, వాటికి రావలసింది మైక్రోసెకనులో మూడో వంతు కాగా, మళ్లీ అదే 120 మైక్రోసెకన్లు. ఫోటోడయోడ్‌ను ఒక మీటరు కేబుల్‌తో నేరుగా ఆసిల్లోస్కోప్‌కు కలిపి, దాని ఇన్‌పుట్‌ను ఒక మెగాఓమ్ దగ్గరే వదిలేశాను. కేబుల్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు, ఇన్‌పుట్‌ది మరో 20. వాటిని ఒక మెగాఓమ్‌తో గుణిస్తే సరిగ్గా 120 మైక్రోసెకన్లు. నేను కొలిచింది కేబుల్‌ను. వక్రం నున్నగా ఉంది కదా అని నమ్మడం ప్రమాదకరమని అప్పుడే అర్థమైంది, ఎందుకంటే కెపాసిటర్ ఖాళీ అయ్యే తీరు కూడా ఘాతీయమే.

అందుకే నా దగ్గర ఎవరు రింగ్‌డౌన్ పెట్టినా ముందు చేయించేది ఒక్కటే. కావిటీ అద్దాలను తీసేసి, అదే పుంజాన్ని అదే ఫోటోడయోడ్ మీద, అంతే శక్తితో పడేలా చేసి, ఏఓఎంను ఆపి, ఆ ఆరిపోయే వక్రాన్ని దాచిపెట్టుకోవాలి. ఇది ఏఓఎం, డయోడ్, యాంప్లిఫయర్, కేబుల్, ఆసిల్లోస్కోప్ అన్నీ కలిపిన మీ పరికరం సొంత కాలం. అది కావిటీ కాలంలో పదో వంతుకు మించకూడదు, ఇరవయ్యో వంతైతే ఇంకా మంచిది. 50 ఓమ్‌ల టెర్మినేషన్ పెడితే కేబుల్ కాలం 6 నానోసెకన్లకు దిగుతుంది, కాని సంకేతం కూడా ఇరవై వేల రెట్లు పడిపోతుంది కాబట్టి 10 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఉన్న ట్రాన్స్ఇంపిడెన్స్ యాంప్లిఫయర్ (కరెంటును వోల్టేజీగా మార్చి పెంచేది) డిటెక్టర్ కావాలి. దాని సొంత కాలం 16 నానోసెకన్లే. గెయిన్ మీటను మాత్రం గమనించండి. చాలా డిటెక్టర్లలో గెయిన్ పెంచిన కొద్దీ బ్యాండ్‌విడ్త్ తగ్గుతుంది, సంకేతం చిన్నదిగా ఉందని గెయిన్‌ను ఒక మెట్టు పెంచిన రోజునే కావిటీ ‘మెరుగుపడినట్టు’ కనబడుతుంది.

వక్రాలు చేతికొచ్చాక వందల కొద్దీ ట్రేసులను ఆసిల్లోస్కోప్‌లోనే సగటు చేయించి ఒక్కసారి ఫిట్ చేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక్కో ట్రేసును విడిగా ఫిట్ చేసి, వచ్చిన కాలాల చెదురును చూడండి. చెదురు పెద్దదైతే కాంతి ఒక మోడ్ (కావిటీలో కాంతి నిలిచే ఆకృతి) నుంచి మరో మోడ్‌కు మారుతోందని తెలుస్తుంది, సగటులో ఆ సంగతి మునిగిపోతుంది. ప్రతి ఫిట్‌లోనూ ఎత్తు, కాలం, అడుగు మట్టం మూడూ స్వేచ్ఛగా ఉండాలి, అడుగు మట్టాన్ని కాంతి పూర్తిగా మూసి విడిగా కూడా కొలిచి పోల్చుకోవాలి. 8 బిట్ల ఆసిల్లోస్కోప్‌లో ఉన్నవి 256 మెట్లే కాబట్టి మూడు, నాలుగు కాలాలు దాటిన తోకను నమ్మవద్దు. ఆ తరువాత ఫిట్ మొదలుపెట్టే చోటును కొంచెం కొంచెంగా ముందుకు జరపండి. కాలం మారకపోతే క్షయం ఒకే ఘాతీయం. జరిపిన కొద్దీ కాలం పెరుగుతూ పోతే, త్వరగా ఆరేది ఒకటి, నెమ్మదిగా ఆరేది ఒకటి, రెండు మోడ్‌లు కలిసి ఉన్నాయన్నమాట.

ఇలా వచ్చిన కాలాన్ని కాంతి వేగంతోనూ 3.1416తోనూ గుణించి, పొడవుతో భాగిస్తే ఫినెస్. ఉదాహరణకు మీకు 2.2 మైక్రోసెకన్లు వచ్చిందనుకుందాం. ఫినెస్ సుమారు 20,700, లైన్‌విడ్త్ 72 కిలోహెర్ట్జ్, ఒక్కో అద్దం దగ్గర మొత్తం నష్టం పది లక్షలకు 152 పాళ్లు. మీరు ఫోటోడయోడ్‌తో చూస్తున్నది శక్తి అని గుర్తుంచుకోండి. కొన్ని వ్యాసాలలో క్షేత్రం తగ్గే కాలాన్ని ఇస్తారు, అది దీనికి రెట్టింపు ఉంటుంది. రెండింతల తేడా ఎక్కడినుంచి వచ్చిందా అని నెలలు వెతికినవాళ్లు ఉన్నారు.

ఈ లెక్కలో పొడవు కూడా ఉంది కదా. దాన్ని స్కేలుతో కొలిస్తే మిల్లీమీటరు తేడా రావడం సహజం, అద్దం పూత ఉన్న ముఖం మౌంటు లోపల ఎంత లోతున ఉందో బయటినుంచి కనబడదు. మీ దగ్గర వెడల్పాటి బ్యాండ్ ఉన్న ఈఓఎం (వోల్టేజీతో కాంతి ఫేజ్‌ను మార్చే స్ఫటికం) ఉంటే పొడవును పౌనఃపున్యంతోనే కొలవవచ్చు. ఫేజ్ మాడ్యులేషన్ పెట్టగానే ప్రతి శిఖరానికి రెండు పక్కలా సైడ్‌బ్యాండ్‌లు, అంటే చిన్న పక్క శిఖరాలు, పుడతాయి. మాడ్యులేషన్ పౌనఃపున్యాన్ని పెంచుకుంటూ పోతే ఒక శిఖరం పై సైడ్‌బ్యాండ్, తరువాతి శిఖరం కింది సైడ్‌బ్యాండ్ ఒకదాని వైపు మరొకటి నడుస్తాయి, ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్‌లో సగం దగ్గర, అంటే మీకు 750 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆ క్షణంలో జనరేటర్ మీద ఉన్న అంకెకు రెట్టింపే మీ ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్. ఇందులో పీజో వంకరతనానికి తావు లేదు. మీ ఇప్పటి వెడల్పాటి శిఖరాలతో కూడా వేయింట ఒక వంతుకన్నా మెరుగ్గా పొడవు తెలుస్తుంది.

స్కాన్‌ను పూర్తిగా వదిలేయమని నా ఉద్దేశం కాదు. మోడ్‌ల అమరికను చూపేది అదే. మీ అద్దాలకు, 1 నుంచి పొడవు, వ్యాసార్థాల నిష్పత్తిని తీసేస్తే 0.8 వస్తుంది. దాన్నిబట్టి ఒక్కో అడ్డు మోడ్ వరుసకు శిఖరం 307 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. 307 దగ్గర శిఖరం పెద్దదిగా ఉంటే పుంజం పక్కకు తప్పింది, అవతల కెమెరా పెడితే రెండు ముక్కల మచ్చ కనిపిస్తుంది. 614 దగ్గర పెద్దదిగా ఉంటే పుంజం పరిమాణం కుదరలేదు, మచ్చ చుట్టూ ఉంగరం కనిపిస్తుంది. మీ కావిటీ మధ్యలో పుంజం సన్నబడే చోట దాని వ్యాసార్థం 193 మైక్రోమీటర్లు ఉండాలి, లెన్సులను దానికి తగ్గట్టు జరపండి. ఇంకో చిన్న ఉచ్చు కూడా ఉంది. మీ జ్యామితిలో ఐదో వరుస మోడ్‌లు తరువాతి మూల మోడ్‌కు 36 మెగాహెర్ట్జ్ దూరంలోనే వచ్చి పడతాయి. పెద్ద శిఖరం పక్కన కనబడే ఆ పిల్ల శిఖరాన్ని సైడ్‌బ్యాండ్ అనుకుని దాన్నే కొలబద్దగా వాడితే అంతా తలకిందులవుతుంది. మాడ్యులేషన్ ఆపితే సైడ్‌బ్యాండ్ మాయమవుతుంది, మోడ్ అక్కడే ఉంటుంది.

శిఖరం పీజో పైకి వెళ్లేటప్పుడు ఒకలా, కిందికి వచ్చేటప్పుడు మరోలా వంగి ఉంటే అది వేడి. ఒక మిల్లీవాట్ లోపలికి పూర్తిగా వెళ్తే ఈ ఫినెస్‌లో లోపల తిరిగే శక్తి 10 వాట్లు అవుతుంది, పూత వేడెక్కి కావిటీ పొడవు జరుగుతుంది. శక్తిని పదో వంతుకు తగ్గించి మళ్లీ చూడండి. శిఖరాలు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంటే కావిటీ ముఖం నుంచి వెనక్కి వచ్చే కాంతి డయోడ్‌లోకి దూరుతోందని అర్థం, కాంతిని ఒకవైపే పోనిచ్చే ఐసొలేటర్ ఒకటి చాలకపోతే రెండోది పెట్టాలి.

రింగ్‌డౌన్ మొత్తం నష్టాన్నే చెబుతుంది. అందులో అద్దం గుండా బయటికి పోయేది ఎంత, పీల్చుకోవడంలోనూ చెదరడంలోనూ పోయేది ఎంత అన్నది చెప్పదు. దానికి అనునాదంలో అవతలికి వచ్చే శక్తిని కొలవాలి. పైన అనుకున్న 152 పాళ్లలో 80 పాళ్లు మాత్రమే ప్రసారమైతే, 80ని 152తో భాగించి వర్గం చేస్తే, మోడ్ కుదిరిన కాంతిలో 28 శాతం అవతలికి వస్తుంది. అయితే లేజర్ కావిటీకన్నా వెడల్పుగా ఉన్నంతకాలం ఈ కొలత తక్కువే చూపుతుంది, ఎందుకంటే కాంతిలో ఎక్కువ భాగం రేఖకు బయటే ఉంటుంది. శాస్త్రవేత్త పౌండ్ 1946లో మైక్రోతరంగాలకు వాడిన ఆలోచనను డ్రెవర్, హాల్, వారి సహచరులు 1983లో లేజర్లకు తెచ్చిన లాకింగ్ పద్ధతితో లేజర్‌ను కావిటీకి కట్టేసిన తరువాతే ఈ నిష్పత్తిని నమ్మండి.

ఒకవేళ రింగ్‌డౌన్ కాలం 3.3 మైక్రోసెకన్లకన్నా చాలా తక్కువగా వస్తే, అప్పుడు అద్దాల దగ్గరికి వెళ్దాం. పుంజాన్ని అద్దం మీద అర మిల్లీమీటరు పక్కకు జరిపి మళ్లీ కొలవండి. కాలం మారితే మచ్చో దుమ్మో ఉంది, లెన్స్ కాగితాన్ని శుద్ధమైన మెథనాల్‌తో తడిపి, ఒకే దిశలో, ఒక్కసారే, బరువు వేయకుండా లాగండి, అదే కాగితాన్ని రెండోసారి వాడవద్దు. ఎక్కడ కొలిచినా అదే తక్కువ కాలం వస్తే పూతే అంత. బిగింపు స్క్రూలను కూడా కాస్త వదులు చేసి చూడండి. గట్టిగా బిగిస్తే అద్దంలో ఒత్తిడి పుట్టి, రెండు ధ్రువణాలకు శిఖరాలు వేరుపడతాయి. అవతల పోలరైజర్ పెట్టి తిప్పినప్పుడు క్షయ వక్రం మీద అలలు పుడితే తప్పు అక్కడుంది. స్క్రూ ముట్టుకున్న ప్రతిసారీ ముందు తీసిన ట్రేసులను, తరువాత తీసిన ట్రేసులను విడిగా దాచి, అద్దాలు లేకుండా తీసిన ఆ మొదటి వక్రంతో పాటు పంపితే, మీ కావిటీ నిజమైన ఫినెస్ ఎంతో కలిసి చూద్దాం.